ఉలవకట్టె చప్పుడు

ముదిగుంట ఫైర్ స్టేషన్లో లీడింగ్ ఫైర్‌మన్‌గా పనిచేసే మస్తాన్‌వలిని నేను ఈ జన్మలో క్షమించను. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. నన్ను నేను క్షమించుకునే సంగతి వేరే, అది ఇంకా తేలలేదు. కానీ ఆ మనిషి నిండు మీటింగులో నన్ను లేపి నిలబెట్టి, నలభై మంది ముందర నవ్వులపాలు చేసి, తన కళ్ళతో చూసిన ముక్క మాత్రం కడుపులో దాచుకున్నాడు. దానికి క్షమాపణ లేదు.

నా పేరు కుళ్ళాయప్ప. ఆరో తరగతిలో బడి మానేసినాను. చాలా ఏళ్ళు టెలిఫోన్ కేబుళ్ళకు గుంతలు తవ్వినాను, తర్వాత జాయింటర్‌నయినాను. గాజుతీగ తెగితే రెండు కొసలనూ మిషన్లో పెట్టి వెంట్రుకంత తేడా కూడా లేకుండా అతికించే పని అది. మా మండలంలో హైవే పక్కన భూమిలో పోయే తీగ ఎక్కడ ఎంత లోతులో ఉందో నాకు తెలిసినట్టు కాగితాలకు కూడా తెలియదు.

ముదిగుంట దాటినాక ముప్పయ్యో కిలోమీటరు రాయి నుంచి నలభై నాలుగో రాయి దాకా గాలికనుమ. ఆ పద్నాలుగు కిలోమీటర్లూ ఫోను పలకదు. టవరు వేయడానికి అడవి శాఖ ఒప్పుకోదు. కనుమలో బండి పడితే, ఎవరో ఒకరు కిందికి దిగొచ్చి ఫోను చేస్తేనే ఫైరింజను కదిలేది. ఆలోపల కాలాల్సింది కాలిపోయి ఉంటుంది. మూడు నెలలకోసారి మండల సర్వసభ్య సమావేశంలో టవరు గురించి, ఫైరింజను గురించి, రోడ్డు మలుపుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. టీ వచ్చేది, రెండు బిస్కెట్లు వచ్చేవి, వాయిదా పడేది.

అట్లాంటి చోటికి విజయశారద మేడమ్ వచ్చింది. విశాఖపట్నం మనిషి. ఇంజనీరు. పాత ఎక్స్ఛేంజి బిల్డింగులో ఒక గది తీసుకుని అందులో ఒక పెట్టె పెట్టింది. బీరువా అంత పెట్టె. మొదటి రోజే నన్ను పిలిచి, "కుళ్ళాయప్ప గారూ, మీరు ముప్పై ఏడో కిలోమీటరు దగ్గరికి వెళ్ళి, తీగ ఉన్నచోట మట్టి మీద కాసేపు నడిచి రండి" అనింది. ఇదేం పని అనుకుంటూ పోయి నడిచి తిరిగొచ్చినాను.

"ముప్పై ఏడుకు రెండు వందల మీటర్ల అవతల నడిచారు. ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నారు. ముల్లు గుచ్చుకుందా?"

చెప్పు తీసి చూసుకుంటే నిజంగానే తుమ్మముల్లు ఉంది.

గాజుతీగలో ఎప్పుడూ వెలుగు పోతుంటుంది. మీద మట్టి అదిరితే ఆ వెలుగు ఒణుకుతుంది. మట్టి వేడెక్కినా అంతే. ఆ ఒణుకును బట్టి ఎక్కడ ఏం జరిగిందో మీటరుతో సహా చెప్పేస్తుంది ఆ పెట్టె. నేలచెవి అని నేనే పేరు పెట్టినాను, ఆమెకు నచ్చింది. కిలోమీటరుకొక స్తంభం వేసి ఎర్రలైటు పెట్టినారు. కనుమలో ఏదన్నా బండి చప్పుడు తేడాగా ఉంటే దాని ముందరి స్తంభాలన్నీ ఎర్రగా వెలిగి ఆ బండిని ఆపుతాయి. అదే నిమిషంలో ఫైర్ స్టేషన్లో గంట మోగుతుంది. మనిషి ఫోను చేయనక్కరలేదు.

అయితే దానికి వినపడుతుంది గానీ ఏది ఏమిటో తెలియదు. పేర్లు మనమే చెప్పాలి. పట్నం నుంచి వచ్చిన చదువుకున్నోళ్ళు చెప్పిన పేర్లతో మొదటి నెలంతా అది గొర్రెలమంద పోతే బస్సు బోల్తా పడిందని మొత్తుకునింది. అప్పుడు మేడమ్ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. చెవులకు తగిలించుకునేవి ఇచ్చింది. ముందర మూడు మీటలు. ఎర్రది ప్రమాదం, పసుపుది చూడాలి, ఆకుపచ్చది మామూలు. మీట నొక్కి, ఆ చప్పుడు ఏందో నోటితో కూడా చెప్పాలి.

"ఆకుపచ్చ నొక్కేముందు మాత్రం బాగా ఆలోచించండి" అనేది. "మామూలు అని చెప్పిన చప్పుడును అది తన వినికిడిలోంచి తీసి పారేస్తుంది. ఆ చప్పుడుతో కలిసి ఇంకేం వచ్చినా దాన్నీ తీసేస్తుంది. చెప్పింది వెనక్కి తీసుకోవడం కుదరదు. దాని మీద అంతకంటే గట్టి నిజం చెప్పి నమ్మించాలి."

నాకా పని వచ్చింది. చెరుకు ట్రాక్టరు నిండుగా పోతోందా, ఖాళీగా పోతోందా, మా డిపో బస్సుల్లో ఏ బస్సు స్ప్రింగు కట్టలు విరిగి ఉన్నాయి, అన్నీ చెప్పేవాణ్ణి. మేడమ్ పుస్తకంలో రాసుకునేది. నన్ను అండీ అని పిలిచి, నేను చెప్పింది రాసుకున్న మనిషి నా బతుకులో ఆమె ఒక్కతే. నలభై ఒకటో రాయి దగ్గర సిమెంటు లారీ తిరగబడితే పద్దెనిమిది నిమిషాల్లో ఫైరింజను పోయింది. డ్రైవరు బతికినాడు. పేపర్లో మస్తాన్‌వలి ఫొటో వేసినారు, దండతో.

ఫిబ్రవరిలో ఉలవలు వచ్చినాయి.

మా దిక్కు ఉలవ పెరికినాక కాయలతో ఉన్న ఎండు కట్టెను రోడ్డు మీద పరుస్తారు. కళ్ళం చేసి ఎద్దులు తోలే కాలం పోయింది. కూలీ ఇచ్చి కొట్టిద్దామంటే గిట్టదు. రోడ్డు మీద మోకాలెత్తు పరిచి, కొట్టుకుపోకుండా అంచున రాళ్ళు పేరిస్తే చాలు, పోయే బండ్లే తొక్కి రాలుస్తాయి. మధ్యాన్నం ఒకసారి తిరగేసి, సాయంత్రం ఊడ్చి తూర్పార పట్టుకుంటే పని అయిపోతుంది. తప్పని అందరికీ తెలుసు. ప్రతి మీటింగులో వద్దని తీర్మానం చేస్తారు, చేసినోళ్ళ కట్టె కూడా రోడ్డు మీదే ఉంటుంది.

నేలచెవికి ఆ చప్పుడు కొత్త. కట్టె మీదుగా కార్లు పోయినప్పుడు ఉన్నట్టుండి స్తంభాలు ఎర్రగా వెలిగేవి. డ్రైవర్లు దిగి, బండి కింద చూసి, చుట్టుకున్న కట్టె పీకి పారేసి తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఈలోపల గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చేది. మూడు వారాల్లో పదకొండు సార్లు.

పదకొండోసారి వచ్చింది ముప్పై ఎనిమిది ఆరు వందల దగ్గరికి, అంటే ముప్పై ఎనిమిదో రాయి దాటి ఆరు వందల మీటర్లు, మా చేను ముందరికి. నేను ఎక్స్ఛేంజిలో ఉన్నాను. నా భార్య సుంకమ్మ ఒక్కతే ఉంది. మస్తాన్‌వలి బండి దిగి చుట్టూ చూసి, మనుషులను పురమాయించి, మా కట్టెనంతా బూట్లతో కాలవలోకి తోయించినాడు. నేను పోయేసరికి సుంకమ్మ కాలవలో కూర్చుని మట్టిలోంచి ఉలవలు ఏరుకుంటోంది.

"మంట ల్యాదు, పొగ ల్యాదు. నీ పెట్టెనే కదయ్యా వాళ్ళను మన మీదికి తోలింది" అనింది. "ఊరోళ్ళ కట్టె పదిసార్లు వదిలిపెట్టి మనదే తోసినాడు. నువ్వు దాంట్లో పనిచేస్తావని తెలిసే తోసినాడు."

నాకు ఒళ్ళు మండింది. రెండు రోజులకు మీటింగు.

ఎంపీపీ చంద్రాయుడు మైకు ముందర కూర్చుని ఉన్నాడు. టవరు సంగతి వాయిదా పడింది. రోడ్డు సంగతి వాయిదా పడింది. ఫైర్ స్టేషన్ వంతు వచ్చినప్పుడు మస్తాన్‌వలి లేచినాడు.

"సార్, మాకు నెలకు ఇచ్చే డీజిలు పదహైదు రోజులకే అయిపోయింది. ఎందుకో కుళ్ళాయన్నను అడగండి. ల్యా అన్నా, నిలబడు, అందరికీ కనపడాల."

నేను నిలబడినాను.

"ఈయన పెట్టె బలే తెలివైంది సార్. ఉలవలు కనపడితే సాలు, కొంప అంటుకునిందని ఏడుస్తాది. మేము ఉరికిపోతే ఏముంటాది? ఉలవలు! వచ్చేసారి నీళ్ళతో పాటు ఉప్పూ మిరపకాయ కూడా తెస్తామన్నా, ఆడే గుగ్గిళ్ళు చేసి పంచుదాం."

హాలంతా నవ్వింది. చంద్రాయుడు మైకులోనే నవ్వినాడు. "ఏమప్పా కుళ్ళాయప్పా, ఆరో తరగతి నువ్వు, నీకు ఒగ తరగతి తక్కువా ఆ పెట్టె?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. "ఉలవల కాడికి రావద్దని చెప్పు దానికి. రెండు దినాల్లో చెప్పకపోతే పెట్టెకు కరెంటు తీపిస్తా."

నా పక్కన మేడమ్ లేచి, "సార్, నాకు పదిహేను రోజులు ఇవ్వండి" అనింది. ఆమె మాట ఎవరూ వినలేదు. టీలు వచ్చినాయి.

మరుసటి రోజు పొద్దున గదిలో ఆమె నాతో అన్న మాటలు నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి.

"కట్టె మీదుగా బండి పోయే చప్పుడు వేరు, కట్టె బండికి చుట్టుకున్నాక వచ్చే చప్పుడు వేరు అయ్యుండొచ్చు. మొదటిది మామూలే. రెండోదాన్ని విడదీయాలి. నా చెవికి రెండూ ఒకటిగానే ఉన్నాయి. మీకేమన్నా తేడా వినపడుతోందా?"

ఆమె చెవులవి నాకిచ్చింది. విన్నాను.

తేడా వినపడింది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు చాలారోజులు. కట్టె మీద బండి పోతే అప్పడాలు విరిగినట్టు పటపటా అని ఆగిపోతుంది. చుట్టుకుంటే ఆగదు. బండి వెనక ఎవరో చీపురు కట్టి ఈడుస్తున్నట్టు సన్నగా స్స్‌మని బండితో పాటే పోతుంటుంది. ఉలవచేన్లో పెరిగిన చెవికి ఇట్టే తెలుస్తుంది.

అయితే తెలుస్తోంది అంటే పదిహేను రోజులు విడదీస్తూ కూర్చోవాలి. ఆ పదిహేను రోజులూ గంట మోగుతుంది, మస్తాన్‌వలి వస్తాడు, ఈసారి గుగ్గిళ్ళ మాట సుంకమ్మ ముందర అంటాడు. మా కట్టె ఇంకా సగం రోడ్డుకెక్కనే లేదు.

"ల్యాదు మేడమ్" అన్నాను. "ఉలవకట్టె ఉలవకట్టే. అంతా ఒకటే."

"మీరు ఖాయంగా చెబుతున్నారా?"

"నేను పుట్టింది ఉలవచేన్లో మేడమ్."

ఆమె నమ్మింది. పెట్టెలో ఉన్న ఉలవకట్టె చప్పుళ్ళు అరవై ఒకటి. అరవై ఒక్కసార్లు ఆకుపచ్చ మీట నొక్కినాను. చుట్టుకున్నవీ చుట్టుకోనివీ అన్నీ. మధ్యాన్నం భోజనానికి ముందే పని అయిపోయింది. ఆ రోజు నుంచి కనుమలో ఒక్క స్తంభం కూడా ఉలవలకు వెలగలేదు. మస్తాన్‌వలి ఎదురుపడి, "దానికి బుద్ధి చెప్పినావన్నా" అంటే మీసం దువ్వుకున్నాను కూడా.

మార్చి నాలుగో తేదీ పొద్దున మిగిలిన కట్టె నేనూ సుంకమ్మా పరిచినాము. ఆమెను అక్కడే వదిలి నేను పనికి పోయినాను. మధ్యాన్నం ఒకటీ యాభై రెండుకు ఒక పాత వ్యాను ఆ కట్టె మీదుగా పోయింది. నడిపేది దూదేకుల దస్తగిరి. పరుపులు కుట్టే మనిషి. వెనకంతా దూది మూటలు. డ్రైవరు పక్క తలుపు ఎన్నాళ్ళుగానో చెడిపోయి తాడుతో కట్టి ఉంది, ఎప్పుడూ అవతలి తలుపులోంచే ఎక్కి దిగేవాడట. కట్టె కింద ఇరుసుకు చుట్టుకునింది. రాసుకుని రాసుకుని వేడెక్కింది. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి, నలభై రెండు, నలభై మూడు. అయిదు స్తంభాలు దాటినాడు. ఒక్కటీ వెలగలేదు. నలభై మూడు దాటినాక అవతలి తలుపు దిక్కు నుంచి మంట లేచింది.

నేను పెట్టె ముందరే కూర్చుని ఉన్నాను. అంతా ఆకుపచ్చగా ఉంది. టీ తాగుతున్నాను.

పాలవ్యాను అబ్బాయెవరో కిందికొచ్చి ఫోను చేస్తే ఇరవై రెండు నిమిషాలకు గంట మోగింది. ఫైరింజను పోయేసరికి ఆర్పడానికేమీ మిగల్లేదు. ముప్పై ఎనిమిది దగ్గర నుంచి రోడ్డంతా ఉలవకట్టె ముక్కలు పడి ఉన్నాయని గదిలోకి కబురొచ్చింది. మేడమ్ ముఖం చూడకుండా బయటికొచ్చి, మోటారు సైకిలెక్కి మా చేను దగ్గరికి పోయినాను. సుంకమ్మ నా మాట వినకముందే నా ముఖం చూసి చీపురు తీసుకునింది. ఇద్దరమూ ఊడ్చినాము. రాళ్ళు కూడా తీసి చేన్లోకి విసిరేసినాము. నాలుగు గంటలకు పోలీసులు వచ్చి చూస్తే రోడ్డు కడిగిన కంచం మాదిరి ఉంది.

"ఎవరిది ఇక్కడ కట్టె?" అని అడిగినారు. ఊరంతా "మాది కాదు" అనింది. నేనూ అన్నాను.

పెట్టె రెండు నెలలపాటు విన్నదంతా దాచుకుంటుంది, మామూలు అని తీసి పారేసింది కూడా. మూడో రోజు మేడమ్ దాన్ని బయటికి తీసింది. ముప్పై ఎనిమిది ఆరు వందలు అని తెరమీద కనపడుతోంది. ఆ చేను ఎవరిదో ఆమెకు తెలుసు, ఒకసారి మా చేనుకు వచ్చి అనపకాయలు తినిపోయింది. నా దిక్కు చూడలేదు.

"దీని కోసమే వచ్చే వారం ప్రత్యేకంగా మీటింగు పెడుతున్నారు. అందులో పెట్టె తప్పు అని నేను రాసిస్తాను. చంద్రాయుడు గారికి కావాల్సింది అదే. నన్ను వెనక్కి పిలిపిస్తారు, పెట్టె ఎత్తేస్తారు" అనింది. "మీ పేరు నేను రాయను. కానీ పెట్టె ఉండాలంటే, అది ఉలవకట్టె చప్పుడు మళ్ళీ వినాలంటే, చెప్పినవాళ్ళే మార్చి చెప్పాలి. దానికి నా గొంతు తెలియదు. మీదే తెలుసు."

ఇంట్లో ఆ మాట చెబితే సుంకమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"చెప్తే ఏమొస్తాది? సచ్చినోడు లేచొస్తాడా? నిన్ను తీసుకుపోయి లోపలేస్తారు. ఆయమ్మ రేపు వాళ్ళూరికి పోతాది. మనం ఈడే బతకాల."

"పెట్టె తీసేస్తే కనుమలో ఇంకొకడు సస్తాడే."

"పెట్టె రాకముందు సావలేదా జనం? అప్పుడు నీకు నిద్ర పట్టలేదా?"

అప్పుడు పట్టేది. ఇప్పుడు పట్టడం లేదు, అంతే.

మరుసటి రోజు కూర్చున్నాను. తొమ్మిది నిమిషాల చప్పుడు. ముందు పటపటా. తర్వాత స్స్‌మని చీపురు చప్పుడు మొదలవుతుంది. ఒక కిలోమీటరు. రెండు. వ్యాను గేరు మారుస్తుంది. మలుపు దగ్గర హారను కొట్టినప్పుడు బండి కొంచెం అదిరిందే, అది కూడా ఉంది. వేడి గీత పైకి పోతుంటుంది. బండి ఆగుతుంది. తర్వాత దబ్ దబ్ మని తలుపు మీద. చక్రాల్లోంచి మట్టిలోకి, మట్టిలోంచి తీగలోకి, తీగలోంచి నా చెవుల్లోకి.

ఎర్రమీట నొక్కినాను. పెట్టె తెరమీద చూపించింది: మామూలు.

మళ్ళీ పెట్టి విన్నాను, ఎర్రది నొక్కినాను. మామూలు అనింది. ముక్కలు ముక్కలుగా చెప్పమనింది మేడమ్. ఇది కట్టె చుట్టుకున్న చప్పుడు, ప్రమాదం. ఇది ఇరుసు వేడెక్కడం, ప్రమాదం. ఇది మనిషి తలుపు కొట్టడం, ప్రమాదం. నోటితో కూడా చెప్పాలి, దానికి నా గొంతు వినపడాలి. మామూలు, మామూలు, మామూలు. అరవై ఒక్కసార్లు నేను చెప్పిన అబద్ధాన్నే అది నాకు తిరిగి చెబుతోంది. నా మాట మీద దానికి ఉన్నంత నమ్మకం ఈ భూమ్మీద ఎవరికీ లేదు. అయిదు రోజులు పట్టింది. ఆ తొమ్మిది నిమిషాలు ఎన్నిసార్లు విన్నానో మేడమ్ పుస్తకంలో రాసింది, నేను చూడలేదు. ఒకసారి చెవులవి పీకి పడేసి బయటికి పోయి కక్కుకున్నాను. ఆమె నీళ్ళు తెచ్చిచ్చి, "ఆపేద్దామా?" అనింది. మళ్ళీ పోయి కూర్చున్నాను.

అయిదో రోజు సాయంత్రం, ఎర్రమీట నొక్కకముందే తెర ఎర్రబడింది.

ఆమె సంతోషపడలేదు. "పాతవి కూడా ఒకసారి చూపిద్దాం" అని ఆ పదకొండు సార్లవీ పెట్టింది, ఉత్తిత్తివని మస్తాన్‌వలి గుగ్గిళ్ళ మాటలన్నవి. పెట్టె ఏడింటిని వదిలేసింది. నాలుగింటికి ఎర్రబడింది. ఆ నాలుగింట్లోనూ వేడి గీత పైకి పోతూ, ఎర్రలైటు చూసి బండి ఆగినాక కిందికి దిగింది. ఆ నాలుగు బండ్లూ తిట్టుకుంటూ ఆగబట్టి బతికిపోయినాయి. మా కట్టె మీద ఆగింది అందులో ఒకటి.

కబురు పంపితే మస్తాన్‌వలి వచ్చినాడు. చూపించినాను. తెర మీదికి వంగి ఆ నాలుగు గీతలూ ఒక్కొక్కటే చూసినాడు.

"రెండు బండ్ల కింద కట్టె మాడి ఉండె అన్నా" అన్నాడు చివరికి. "చేత్తో పీకితే కాలింది. నీ చేను కాడిది ఒగటి."

"మీటింగులో ఎందుకు చెప్పల్యా?"

"డీజిలు గురించి మాట్లాడదామని లేచినా. గుగ్గిళ్ళ మాటకు అందరూ నవ్విరి. నవ్వినాక ఇంగ ఎట్ల చెప్తా?"

"రేపు చెప్తావా?"

వాడు టోపీ తీసి చేతిలో తిప్పుకున్నాడు. "నాకింకా పదకొండేళ్ళు సర్వీసుండాది అన్నా."

పోయినాడు. అందుకే మొదట్లో ఆ మాట రాసినాను.

మీటింగు హాలు నిండిపోయింది. దస్తగిరి భార్య హుసేనమ్మను ముందు వరసలో కూర్చోబెట్టినారు, పక్కన ఇద్దరు ఆడపిల్లలు. చంద్రాయుడు రాసుకొచ్చిన తీర్మానం చదివినాడు. పెట్టె చెడిపోయిన కారణంగా ఒక నిండు ప్రాణం పోయింది కాబట్టి దాన్ని తొలగించాలి, ఇంజనీరు మీద చర్య తీసుకోవాలి. చేతులెత్తమన్నాడు. చేతులు లేస్తున్నాయి. మస్తాన్‌వలి గోడ దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

నేను లేచినాను. "పెట్టె చెడిపోల్యా" అన్నాను.

"కూర్చో కుళ్ళాయప్పా, నిన్నెవరూ అడగల్యా."

"నేనే చెడగొట్టినా. తేడా నాకు వినపడింది. వినపడల్యాదని చెప్పినా. ఆ కట్టె నాది. ముప్పై ఎనిమిది ఆరు వందల కాడ పరిచింది నేను, ఊడ్చేసిందీ నేను. మేడమ్ పదహైదు దినాలు అడిగింది, మీరు రెండు దినాలిచ్చిరి. ఆ రెండు దినాలు కూడా నేను వాడుకోల్యా. ఒగ పూటలో చేసేసినా."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటీ దిగినాయి. రోడ్డు మీద కట్టె పరిచినోళ్ళు ఆ హాల్లో సగం మంది ఉన్నారు.

హుసేనమ్మ లేచి నా దిక్కు తిరిగింది.

"నువ్వు విన్నావంట కదన్నా ఆ చప్పుడు. తలుపు కొట్టినాడా ఆయన?"

"కొట్టినాడమ్మా."

"ఎన్నిసార్లు?"

చెప్పకూడదు అనుకున్నాను. ఆమె చూపు తిప్పుకోలేదు.

"పదిహేడు."

ఆమె తల ఊపింది. అంతే. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. పైట సర్దుకుని పిల్లలను తీసుకుని బయటికి పోయింది.

పెట్టె ఉండిపోయింది. మేడమ్‌ను మాత్రం ఇంకో జిల్లాకు పంపించినారు, నా మీద కేసు పెట్టినారు, అది నడుస్తోంది. పది రోజులకు హుసేనమ్మ మా ఇంటికొచ్చింది. సుంకమ్మ మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. వాకిట్లోనే నిలబడింది.

"నాకు నీ క్షమాపణలు వద్దన్నా. ఆ చేను ఇయ్యి."

"చేనా?" అనింది సుంకమ్మ.

"రోడ్డుకు ఆనుకుని మిట్టాపల్లం ల్యాకుండా అంత సదరంగా ఉండే చేను ఆ దిక్కు ఇంకోటి ల్యాదు. దున్నను. రోలరు తోలించి కళ్ళం చేస్తా. కనుమ కిందుండే అయిదూళ్ళోళ్ళూ కట్టె ఆడికే తెచ్చుకోవాల. మూటకొక పడి గింజలు నాకు కొలిచిపోవాల. రోడ్డు మీద పరిస్తే నేనే పోయి కేసు పెడతా. నా పిల్లోళ్ళు బతకాల, ఇంగొకరి పిల్లోళ్ళ నాయన సావకూడదు. నువ్వు ఇస్తావా, ఇయ్యవా?"

సుంకమ్మ నా చెయ్యి పట్టుకునింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో నలుగురి ముందర ఆమె నా చెయ్యి పట్టుకున్నది అదొక్కసారే. వద్దని పట్టుకునింది. నేను విడిపించుకున్నాను.

రిజిస్ట్రారు ఆఫీసులో నేను సంతకం పెట్టేటప్పుడు నన్నెవరూ మెచ్చుకోలేదు, మెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. ఇచ్చినానని ఎవరన్నా అంటే ఒప్పుకోను, పోగొట్టుకున్నాను. ఈ ఏడు అక్కడ అయిదూళ్ళ ఉలవలూ ఎండుతున్నాయి. మావి లేవు, మాకు చేను లేదు కాబట్టి. మస్తాన్‌వలి కట్టె కూడా అక్కడికే వస్తోంది, వాళ్ళ అత్తగారి చేనుదట. వాడి దగ్గర కూడా హుసేనమ్మ పడి కొలిపించుకుంటోంది. నేను రోజూ పెట్టె ముందర కూర్చుని ఆ కళ్ళం మీద ట్రాక్టరు తిరిగే చప్పుడు వింటున్నాను. సుంకమ్మ నాతో మాట్లాడి ఏడాది కావస్తోంది.

పోయింది ఇది: ముదిగుంట మండలం, సర్వే నంబరు 214/3, ఎర్రనేల, రెండెకరాల పదమూడు సెంట్లు.